పక్క ప్లాటు లీజుకు తీసుకునే ముందు ఒకసారి బేస్‌మెంట్‌లోకి దిగి చూడండి

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను, పొరపాటుంటే సరిచేయండి. హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రోకు కిలోమీటరున్నర దూరంలో ఆఫీసు. ఉద్యోగులు 1,100 మంది. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్న రూలు వచ్చాక రద్దీ రోజున 750 మంది దాకా వస్తున్నారు. కార్లకు 180 స్లాట్లుంటే, ఇచ్చిన పార్కింగ్ స్టిక్కర్లు 310. పదింటికల్లా గేటు దగ్గర హారన్లు, గార్డుతో వాదనలు. పక్కనున్న ఖాళీ ప్లాటును మూడేళ్లకు లీజుకు తీసుకుందామని యాజమాన్యం అంటోంది. అదే యాజమాన్యం పర్యావరణం ఫైలు కూడా మీ చేతిలోనే పెట్టి, ఉద్యోగులు కార్లు తగ్గించుకునేలా ఏదైనా చేయమంటోంది. స్లాట్లు ఎవరికివ్వాలి, డబ్బు వసూలు చేయొచ్చా, ఎండీ గారి స్లాట్ సంగతేమిటి అని మూడు అడిగారు.

నేను పంతొమ్మిదేళ్లు అడ్మిన్, ట్రాన్స్‌పోర్ట్ చూశాను. బేగంపేటలో మొదలుపెట్టి మాదాపూర్, ఆ తర్వాత గచ్చిబౌలి. జీతం పెంచలేదని హెచ్‌ఆర్‌ను తిట్టేవాళ్లకన్నా స్లాట్ ఇవ్వలేదని నన్ను తిట్టినవాళ్లే ఎక్కువ.

లీజు ఇప్పుడే వద్దు. స్టిక్కర్లు రద్దు చేయండి. స్లాట్‌ను నెలవారీగా కాకుండా ఏ రోజుకారోజు ఇవ్వండి. దానికి రోజు ధర పెట్టండి. ఆ డబ్బును ఆ రోజు కారు తేకుండా వచ్చినవాళ్లకు పంచేయండి. నేను చెప్పాల్సింది ఇంతే. కింద రాసేదంతా దీన్ని గొడవ లేకుండా ఎలా చేయాలన్నదే.

మొదట స్థలం లెక్క. మన ప్లానర్లు వాడే కొలత ప్రకారం ఒక కారుకు, అది తిరిగే దారితో కలిపి, ఆరుబయట 23 చదరపు మీటర్లు, స్టిల్టులో 28, బేస్‌మెంట్‌లో 32 కావాలి. 32 చదరపు మీటర్లంటే 344 చదరపు అడుగులు. పైన ఆ కారు యజమాని కూర్చునే చోటు, మీటింగ్ రూములు, నడవాల్లో అతని వాటాతో కలిపినా, చాలా ఆఫీసుల్లో వంద అడుగుల అటూ ఇటూ ఉంటుంది. అంటే మనిషికన్నా అతని కారుకు మనం మూడింతల చోటు ఇస్తున్నాం, అదీ ఊరికే. మీ 180 స్లాట్లు కలిపితే దాదాపు 62 వేల చదరపు అడుగులు. అద్దె అగ్రిమెంట్‌లో పార్కింగ్ విడిగా కనిపించకపోవచ్చు, ఇంత విస్తీర్ణానికి ఇన్ని స్లాట్లని కలిపి ఇస్తారు కాబట్టి. కనిపించనంత మాత్రాన అది ఫ్రీ కాదు.

పక్క ప్లాటు సంగతీ ఇలాగే చూడండి. ఆరుబయట వంద కార్లకు 2,300 చదరపు మీటర్లు, అంటే 2,750 గజాలు. అరెకరం పైమాటే. రాయదుర్గంలో అరెకరం! దానికి కంచె, లైట్లు, గార్డులు, వానాకాలంలో కంకర. ఇవన్నీ నెలకు ముప్ఫై రోజులకు కడతారు. మీకు ఇబ్బంది ఉన్నది బహుశా వారానికి మూడు రోజులే.

'బహుశా' అన్నాను, ఎందుకంటే మీరు లెక్క పెట్టలేదు. పెట్టినట్టు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. రెండు వారాలు ఈ ఒక్క పని చేయండి. ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు, మధ్యాహ్నం మూడు, ఈ మూడు సమయాల్లో ఎన్ని స్లాట్లు నిండాయో గార్డుతో నోట్‌బుక్‌లో రాయించండి. ఫాస్టాగ్ రీడర్, కెమెరా ఉన్నా సరే, చేత్తో రాయించండి. సిస్టమ్ రిపోర్టులో 'రిజర్వ్‌డ్' అని పడే స్లాట్ నిజానికి ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసినవాడే చెప్పగలడు. దాంతోపాటు కారులో ఎంతమంది వచ్చారో కూడా రాయించండి. గార్డులకు ఆ రెండు వారాలు అదనంగా ఏమైనా ఇవ్వండి, పని పెరుగుతుంది కదా.

నేను ఇలా రాయించిన ప్రతిచోటా కనిపించినవి ఇంచుమించు ఒకటే. మంగళ, బుధ, గురు నిండుతుంది. సోమవారం సందు ఉంటుంది. శుక్రవారం బేస్‌మెంట్‌లో క్రికెట్ ఆడుకోవచ్చు. అసలు విశేషం లిఫ్టు పక్కన. పెద్దవాళ్ల పేర్లు రాసిన బోర్డుల కింద స్లాట్లు రద్దీ రోజున కూడా ఖాళీ. ఒకాయన బెంగళూరులో ఉంటాడు, ఇంకొకాయన నెలలో సగం రోజులు టూరులో ఉంటాడు. కింద జూనియర్ ఇంజనీరు మూడు చుట్లు తిరిగి బయట కాలువ పక్కన పెడతాడు. మీ గొడవల్లో సగం ఈ బోర్డులు చూసి వచ్చే మంటే.

ఇక డబ్బు. వసూలు చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ నేను చేసిన తప్పు మీరు చేయకండి. చాలా ఏళ్ల క్రితం, పేరు అనవసరం, నేను పనిచేసిన ఒక కంపెనీలో నెలకు 1,500 రూపాయల పార్కింగ్ ఫీజు పెట్టాం. శుక్రవారం సాయంత్రం మెయిల్, సోమవారం నుంచి అమలు. మెయిల్ రాసింది నేనే, గర్వంగానే రాశాను. సోమవారం బేస్‌మెంట్ సగం ఖాళీ అయింది, మా డైరెక్టర్ నన్ను మెచ్చుకున్నాడు కూడా. ఆ కార్లన్నీ వెనక కాలనీ సందుల్లోకి వెళ్లాయని మధ్యాహ్నానికి తెలిసింది. గురువారం ఒక ఇంటి గేటుకు అడ్డంగా మావాళ్ల కారు పెట్టారు. లోపల డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దాయన. ఆ ఇంటావిడ మా రిసెప్షన్‌కు వచ్చి ఏడుస్తూ అరిచింది. ఆవిడ అన్నదాంట్లో తప్పు ఒక్కటీ లేదు. కాలనీ వాళ్లు పోలీసుల దగ్గరికి వెళ్లారు, చక్రాలకు తాళాలు పడ్డాయి, రెండు వారాల్లో ఫీజు ఎత్తేశాం.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే, ధర పెట్టడం తప్పు కాదనిపించింది. పెట్టిన తీరు తప్పు. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో కలిసిపోయింది, ఎవరికీ ఏమీ దక్కలేదు. బదులుగా ఎలా రావాలో చెప్పలేదు. కాలనీతో ఒక్క మాట మాట్లాడలేదు. అన్నిటికన్నా పెద్దది, ఫీజు నెలకు పెట్టాం. బఫేకి డబ్బు కట్టినవాడు రెండు ముద్దలతో లేవడు. నెలకు 1,500 కట్టినవాడు, అంతకుముందు వారానికి రెండుసార్లు మెట్రోలో వచ్చేవాడు కూడా, కట్టాం కదా అని రోజూ కారు తీశాడు. రోజుకు 100 అంటే అలా కాదు. ప్రతి ఉదయం తాళాలు తీసుకునేటప్పుడు ఒక చిన్న లెక్క మనసులో నడుస్తుంది. మీరు మార్చాల్సింది ఆ ఉదయపు లెక్కనే. కారు అమ్మేయమని ఎవరికీ చెప్పనక్కర్లేదు. కారులో వచ్చే అయిదుసార్లలో ఒక్కసారి తగ్గినా మీ గేటు దగ్గర హారన్లు ఆగిపోతాయి.

డబ్బు తిరిగి పంచడమన్నది నా బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 1992లోనే ఒక చట్టం చేసింది. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులుండి, పార్కింగ్ అద్దెకు తీసుకుని ఉద్యోగులకు ఉచితంగా ఇచ్చే సంస్థలు, స్లాట్ వద్దన్నవాళ్లకు దాని విలువ నగదుగా ఇవ్వాలి. దీని వెనకున్న ఆలోచన లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్‌ది. జీవితమంతా పార్కింగ్ మీదే పరిశోధన చేసిన మనిషి, 2025లో పోయారు. చట్టం పాటించిన ఎనిమిది సంస్థలను ఆయన పరిశీలించి 1997లో రాసినదాని ప్రకారం, ఒంటరిగా కారులో వచ్చేవాళ్లు 17 శాతం తగ్గారు, కారు పంచుకునేవాళ్లు 64 శాతం, బస్సులు, రైళ్లలో వచ్చేవాళ్లు 50 శాతం పెరిగారు. అదీ కారు లేనిదే పాలప్యాకెట్‌కు కూడా వెళ్లలేని ఊళ్లో.

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ నగరం ఇంకో దారి పట్టింది. 2012 ఏప్రిల్ నుంచి, 11 లేదా అంతకన్నా ఎక్కువ స్లాట్లున్న యజమానుల దగ్గర స్లాటుకు ఏడాదికి ఇంత అని వసూలు చేస్తోంది. మొదటి ఏడాది 288 పౌండ్లు. ఆ డబ్బుతో ట్రామ్ లైన్లు పొడిగించారు, 2015లో అవి మొదలయ్యాయి. మన దగ్గర అలాంటి పన్ను లేదు. అయినా ఒక్క సంగతి మనం తీసుకోవచ్చు. పార్కింగ్ డబ్బు దేనికి పోతోందో కట్టేవాడి కళ్లముందు కనిపించాలి.

మీ అంకెలతోనే చేసి చూద్దాం. 180 స్లాట్లలో 12 పక్కన పెట్టండి. దివ్యాంగులకు, గర్భిణులకు, కాలు విరిగి కట్టు వేసుకున్నవాళ్లకు, రాత్రి పొద్దుపోయి సొంత కారులో వెళ్లే ఆడవాళ్లకు. వీళ్ల దగ్గర డబ్బు తీసుకోవద్దు, బుకింగ్ గొడవ పెట్టొద్దు. ఇంకో 40, లిఫ్టుకు దగ్గరగా ఉన్నవి, ముగ్గురు కలిసి వచ్చే కార్లకు, అంటే పూలింగ్‌కు. అవీ ఉచితమే. మిగిలినవి 128, రోజుకు 100 రూపాయలు. మొత్తం 12,800. రద్దీ రోజున వచ్చే 750 మందిలో ఈ 128 మంది, ఆ 12 మంది, పూలింగ్ కార్లలో 120 మంది, బైకుల మీద ఓ 250 మంది అనుకుంటే, మెట్రో, బస్సు, షటిల్ (కంపెనీ నడిపే బండి), నడక కలిపి 240 మంది మిగులుతారు. ఈ 240 మందికీ, పూలింగ్ కార్లలో పక్క సీట్లలో కూర్చున్న 80 మందికీ ఆ 12,800 పంచితే తలా 40 రూపాయలు. కంపెనీ జేబులోంచి పైసా పోలేదు. హైదరాబాద్ మెట్రో టికెట్ ఇప్పుడు 11 నుంచి 69 రూపాయల దాకా ఉంది, 2025 మేలో పెంచి మళ్లీ పది శాతం తగ్గించాక. నలభై రూపాయలంటే చాలామందికి ఒకవైపు ప్రయాణం గడిచిపోతుంది.

ఫైనాన్స్ వాళ్లు దీనికి ఒక అభ్యంతరం చెప్తారు, అది సరైనదే. జీతంతో కలిపి నగదు ఇస్తే దాని మీద పన్ను పడుతుంది. నెలకు 1,600 రూపాయల ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మినహాయింపు 2018-19లో స్టాండర్డ్ డిడక్షన్ (జీతం మీద అందరికీ ఒకేలా ఇచ్చే తగ్గింపు) వచ్చినప్పుడే పోయింది, దివ్యాంగ ఉద్యోగులకు తప్ప. కంపెనీయే ఇంటి నుంచి ఆఫీసుకు బండి నడిపితే మాత్రం ఆ ప్రయాణాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కించరు. కాబట్టి కొంత నగదుగా, కొంత షటిల్ రూపంలో ఇవ్వండి. షటిల్‌కు డ్రైవర్‌తో కలిపి 13 మందికి మించి పట్టే బండి మాట్లాడుకుంటే జీఎస్‌టీ క్రెడిట్ కూడా దొరుకుతుంది, అంటే దానిమీద కట్టిన జీఎస్‌టీని కంపెనీ కట్టాల్సిన జీఎస్‌టీలోంచి తగ్గించుకోవచ్చు. చిన్న వ్యాన్లతో మొదలుపెట్టి ఏడాది తర్వాత ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకున్నవాళ్లను చూశాను.

బైకుల గురించి విడిగా చెప్పాలి. బయటి దేశాల పాలసీలు తెచ్చి మక్కీకి మక్కీ దించినప్పుడు మనవాళ్లు మర్చిపోయేది దీన్నే. మన ఆఫీసుల్లో పెద్ద వర్గం బైకులది. ఒక కారు గీతల మధ్య అయిదు బైకులు పడతాయి, కాబట్టి వాళ్ల దగ్గర డబ్బు తీసుకోవడం న్యాయం కాదు. అలాగని నలభై రూపాయలు వాళ్లకూ ఇస్తే, కార్లవాళ్లు బైకులెక్కుతారు. వానలో, రాత్రి పదింటికి, ఫ్లైఓవర్ మీద బైకు ఎక్కమని నేను మాత్రం ఎవరికీ డబ్బిచ్చి చెప్పను. బైకులకు ఫీజూ వద్దు, బహుమతీ వద్దు. నీడ, హెల్మెట్ పెట్టుకునే లాకరు, రెయిన్‌కోటు ఆరేసుకునే తీగ ఇవ్వండి. ఆ తీగ కోసం నాకు వచ్చినన్ని థాంక్స్ ఇంకదేనికీ రాలేదు.

తర్వాత, కారు మానేసినవాళ్లు ఎలా వస్తారు? ఉద్యోగుల పిన్‌కోడ్లు తీసి మ్యాపు మీద చుక్కలు పెట్టండి. పేర్లు వద్దు, చుక్కలు చాలు. అప్పుడు ఊరు మూడు ముక్కలుగా కనిపిస్తుంది.

ఒకటి, మెట్రో బ్లూ లైను మీద ఉన్నవాళ్లు. ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట. 2019 నవంబరులో లైను రాయదుర్గం దాకా వచ్చాక వీళ్లకు కారుకన్నా మెట్రోయే ఖాయం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్లూ అమీర్‌పేటలో మారి వచ్చేస్తారు. వీళ్లను ఆపుతున్నది రైలు కాదు, రైలు దిగాక మీ ఆఫీసుకున్న ఆ కిలోమీటరున్నర. ఒకసారి మీరే ఎండలో ఫార్మల్ బూట్లతో నడిచి చూడండి. ఫుట్‌పాత్ ఎక్కడ తెగుతుందో, ఎక్కడ ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం వస్తుందో, ఎక్కడ రోడ్డు దాటడానికి దేవుడికి దండం పెట్టుకోవాలో తెలుస్తుంది. ఉదయం ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా పది నిమిషాలకో షటిల్ వేయండి. పక్క రెండు మూడు కంపెనీలతో కలిసి వేస్తే ఖర్చు పంచుకోవచ్చు. రెండో బండి ఆలస్యమైతే జనం మూడో రోజుకే నమ్మకం వదిలేస్తారు. అందుకే ఎక్కువ రూట్లు పెట్టకండి. ఒక్క రూటు గడియారంలా నడపండి.

బయలుదేరే చోట కూడా చూడండి. ఇంటి నుంచి స్టేషన్ దాకా స్కూటర్ మీద వచ్చి అక్కడ పెట్టే వాళ్లు చాలామంది. 2024లో నాగోలు స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగ్‌కు డబ్బు పెడతామంటే జనం ఆందోళనకు దిగారు, గుర్తుందా? అక్కడి ఇరవయ్యో ముప్ఫయ్యో మీ ఉద్యోగికి మీరు తిరిగి ఇచ్చేస్తే, అతని కారు మీ బేస్‌మెంట్‌కు రాదు.

రెండో ముక్క కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్. ఇదే తమాషా. మ్యాపులో చూస్తే పక్కనే. మెట్రోలో అయితే రెడ్ లైనులో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ మారి, మళ్లీ వెనక్కి హైటెక్ సిటీ వైపు రావాలి. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడమంటే ఇదే. ఈ వైపువాళ్లకు మెట్రో పాస్ ఇచ్చి ప్రయోజనం లేదు. జేఎన్‌టీయూ దగ్గర నుంచి నేరుగా ఒక బస్సు వేయండి. లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వాళ్లకు ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు, కానీ రైళ్ల మధ్య వ్యవధి చూసుకుని షిఫ్టు కుదరాలి. ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. ఐటీ కారిడార్‌లో సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ నడిపే షీ షటిల్స్ అనే ఆడవాళ్ల బస్సులు కూడా ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్లకు మీ ఇండక్షన్ రోజున ఈ రూట్లు ఎవరైనా చెప్తున్నారా? పార్కింగ్ ఫారం మాత్రం మొదటి రోజే ఇస్తారు!

మూడో ముక్క కొంపల్లి, బాచుపల్లి, తెల్లాపూర్, కొల్లూరు. గేటెడ్ కమ్యూనిటీలు, కారు లేనిదే కష్టం. వీళ్లను కారు మానమని అడగడం కన్నా, నాలుగు కార్లను ఒకటి చేయమని అడగండి. ఒకే అపార్ట్‌మెంట్‌లో, ఒకే కంపెనీలో పనిచేస్తూ రెండేళ్లుగా లిఫ్టులో ఒకరినొకరు పలకరించుకోనివాళ్లు ఉంటారు. యాప్‌లో జత కలపడం కన్నా ఆ కమ్యూనిటీ పేరు పెట్టి ఒక టీ మీటింగ్ పెట్టండి. ఆడవాళ్లకు ఆడవాళ్లతోనే వెళ్లే వీలు ఉండాలి, అది అడగకుండానే ఫారంలో పెట్టండి. మేనేజర్‌నూ అతని టీమ్ వాళ్లనూ ఒకే కారులో కుక్కకండి, పాపం ఆ గంటన్నర ఇద్దరికీ నరకమే. పెట్రోలు ఖర్చు పంచుకోవడం వరకే ఉంచమని రాతపూర్వకంగా చెప్పండి. తెల్ల నంబరు ప్లేటున్న సొంత కారును లాభానికి తిప్పితే పర్మిట్ సమస్య వస్తుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కు పేచీ పెడతారు.

ఇన్ని చేసినా జనం కారు ఎందుకు వదలరో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఒక సీనియర్ టెస్టర్, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, నాతో అంది: "సార్, రోజూ మెట్రోలో రావడానికి నాకేం కష్టం లేదు. బాబుకు జ్వరమని స్కూల్ నుంచి ఫోన్ వచ్చే రోజు ఏదో నాకు తెలీదు. ఆ ఒక్క రోజు కోసం రోజూ కారు తెస్తున్నాను." ఆ తర్వాత మేం ఒక మాట ఇచ్చాం. కారు లేకుండా వచ్చినవాళ్లు ఎవరికైనా ఇంట్లో అత్యవసరమైతే, లేదా మేనేజర్ ఆఖరి నిమిషంలో ఆపితే, కంపెనీ ఖర్చుతో వెంటనే క్యాబ్. కారణం అడగం, అప్రూవల్ అడగం, నెలకు రెండుసార్ల దాకా. దుర్వినియోగం అవుతుందని ఫైనాన్స్ భయపడింది. అవలేదు. చాలామంది ఏడాదంతా ఒక్కసారి కూడా వాడుకోలేదు. ఉందన్న ధీమాయే వాళ్లకు కావాల్సింది. ఈ మొత్తం జాబులో ఒక్కటే చేయగలను అంటే, దీన్నే చేయమంటాను.

రాత్రి షిఫ్టు ఆడవాళ్ల రవాణా వేరే సంగతి, అది మీ దయ కాదు. వాళ్లచేత రాత్రి పనిచేయించడానికి అనుమతి షరతుల్లోనే ఇంటి దాకా రవాణా ఉంది. ఆ క్యాబ్‌లను ఈ పార్కింగ్ బడ్జెట్‌తో కలిపి కోతలు పెట్టనివ్వకండి.

ఇంకో శత్రువు మీ క్యాలెండర్లో ఉంది. సాయంత్రం ఆరున్నరకు మీటింగ్ పెట్టే మేనేజర్ ఒక్కడు నాలుగు పూలింగ్ కార్లను చెడగొడతాడు. 2023 జూలై వానలప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను ప్రాంతాలవారీగా మూడు, నాలుగున్నర, ఆరు గంటలకు విడతలుగా వదలమన్నారు, అప్పుడు ఎవరి ప్రాజెక్టూ మునిగిపోలేదు. టీమ్‌లవారీగా రావడం, పోవడం అరగంట అటూ ఇటూ చేయండి. ఆఫీసుకు రావాల్సిన రోజులు అందరికీ మంగళ, బుధ, గురువారాలే అయితే, కొన్ని టీమ్‌లను సోమ, శుక్రవారాలకు మార్చండి. ఇది జనానికి నచ్చదు, ముందే చెప్తున్నా. అయినా అరెకరం లీజుకన్నా చవక.

ఎలక్ట్రిక్ కార్లకు ఉచిత స్లాట్ ఇవ్వాలని మీ పర్యావరణం కమిటీలో ఎవరో ఒకరు అంటారు. పొగ తగ్గుతుంది, నిజమే. కానీ ఎలక్ట్రిక్ కారుకూ అదే 32 చదరపు మీటర్లు కావాలి, ఫ్లైఓవర్ మీద అదీ అంతే చోటు తింటుంది. చార్జింగ్ పాయింట్లు పెట్టండి, నాలుగు గంటల తర్వాత బండి తీయాలన్న షరతుతో. పార్కింగ్ ధరలో రాయితీ మాత్రం వద్దు, కొత్త కారు కొనగలిగినవాడికే మళ్లీ కానుక అవుతుంది.

మొదలుపెట్టే వరుస చెప్తాను. రెండు వారాలు లెక్క. తర్వాత షటిల్, క్యాబ్ హామీ ముందు మొదలుపెట్టి ఒక నెల నడపండి, ఆ నెలలో ఫీజు మాట ఎత్తకండి. ఈలోగా మీరే వెళ్లి చుట్టుపక్కల కాలనీ సంఘాన్ని కలవండి. మా ఉద్యోగి బండి మీ గేటు దగ్గర కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఒక నంబరు ఇవ్వండి, ఆ ఫోన్ ఎత్తేవాడు కూడా ఉండాలి. ఉద్యోగులందరూ కూర్చునే టౌన్‌హాల్ మీటింగ్‌లో గార్డు నోట్‌బుక్ అంకెలు స్క్రీన్ మీద చూపించండి. ఖాళీగా ఉన్న పేరున్న స్లాట్లు కూడా. హాలులో నవ్వులు వినిపిస్తాయి, ఆ నవ్వు మీకు పనికొస్తుంది. ఆ తర్వాతే స్టిక్కర్ల రద్దు, ముందురోజు సాయంత్రం బుకింగ్, రోజు ధర. ప్రతి నెలా వసూలైంది ఇంత, పంచింది ఇంత అని లిఫ్టు దగ్గర కాగితం అంటించండి. మూడు నెలల తర్వాత కూడా కార్లు బయట మిగిలితే, అప్పుడు పక్కవాళ్లతో మాట్లాడి వారానికి మూడు రోజులకు ముప్ఫై, నలభై స్లాట్లు తీసుకోండి. మూడేళ్ల లీజు మాత్రం సంతకం పెట్టకండి.

మీ పర్యావరణం ఫైలుకు కూడా ఈ నోట్‌బుక్కే ఆధారం. ఉద్యోగుల రాకపోకల కాలుష్యాన్ని సంస్థల ఉద్గారాల లెక్కలో స్కోప్ 3 కింద, అంటే సంస్థ నేరుగా వదలకపోయినా దాని పని వల్ల వచ్చే కాలుష్యం కింద చూపిస్తారు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎన్ని కార్లు తగ్గాయి, ఎంత దూరం అన్నది పిన్‌కోడ్ మ్యాపులోంచే తీయొచ్చు. దానికోసం కన్సల్టెంట్‌ను పెట్టనక్కర్లేదు.

చివరగా ఎండీ గారి స్లాట్. ఇది మీరు భయపడుతూ అడిగారు, నాకు తెలుసు. ఆయనకు డ్రైవర్ ఉంటాడు కదా. డ్రైవర్ ఉన్న కారుకు లిఫ్టు పక్కన స్లాటే అక్కర్లేదు, పోర్టికోలో దింపి బండిని దూరంగా పెట్టుకోవచ్చు, పిలిస్తే అయిదు నిమిషాల్లో వస్తుంది. నేను ఈ మాట మా పాత బాస్‌తో అన్నప్పుడు కాసేపు నా వైపు చూసి, "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాడు. మర్నాడు ఆయన పేరున్న బోర్డు తీయించి, దాని స్థానంలో 'ముగ్గురు వచ్చే కారుకు' అని రాయించాం. మిగతా వైస్ ప్రెసిడెంట్ల బోర్డులు తీయడానికి నేను ఎవరినీ అడగాల్సి రాలేదు.